ఆదివారం మాత్ర, మంగళవారం మాత్ర: ఎముకలకు, కీళ్లకు రాసిన మందులు ఏవి ఎప్పుడు వేయాలి?

మీరు అడిగింది కుదించి చెబుతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న వేరే వాళ్లకూ పనికొస్తుంది. పుత్తూరు దగ్గర ఉండే మీ అమ్మగారికి 62 ఏళ్లు. బాత్‌రూంలో జారిపడి మణికట్టు విరిగితే కట్టు కట్టించారు, అతుక్కుంది. తర్వాత తిరుపతిలో చూపిస్తే ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా పరీక్షలో టి-స్కోర్ మైనస్ 3.1 వచ్చింది, అంటే ఎముకలు గుల్లబారాయి (ఆస్టియోపోరోసిస్). వేళ్ల వాపు, పొద్దున్నే చేతులు బిగుసుకుపోవడం చూసి రుమటాయిడ్ కీళ్లవాతం కూడా ఉందన్నారు. చీటీలో మెథోట్రెక్సేట్ 15, ఫోలిక్ యాసిడ్ 5, హైడ్రాక్సీక్లోరోక్విన్ 200, ఆలెండ్రోనేట్ 70, కాల్షియం 500 రెండు పూటలా, విటమిన్ డి 60,000, ప్రెడ్నిసొలోన్ 5, ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్-హైడ్రోక్లోరోథయాజైడ్ ముందునుంచే నడుస్తున్నాయి. ఇన్ని కలిపి వేయొచ్చా, ఏది ఎప్పుడు, నొప్పి తగ్గితే ఆపేయొచ్చా, మెట్ల దారిన కొండెక్కే మొక్కు సంగతేంటి అని అడిగారు.

వేయొచ్చు. ఈ రెండు జబ్బులూ ఉన్నవాళ్లకు ఇలాంటి చీటీ రాయడం మామూలే. కానీ అన్నీ అరచేతిలో పోసి టిఫిన్ అయ్యాక ఒకేసారి మింగిస్తే కొన్ని పనిచేయకుండా పోతాయి. ఒకటి మాత్రం తేడా వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముందు ఇది చదవండి: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే, రోజూ కాదు. ఇక నొప్పి తగ్గిందని మీ అంతట మీరు మానగలిగింది నొప్పి బిళ్ల (ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్) ఒక్కటే. మిగతావి నొప్పిని చూసి వేసేవీ కావు, నొప్పిని చూసి ఆపేవీ కావు.

మెథోట్రెక్సేట్ సంగతి

కీళ్లవాతాన్ని అదుపు చేసే అసలు మందు ఇది. చీటీలో మిగతా మందుల్లో చాలావరకు రోజువారీవి. దీని ఎదురుగా కూడా 0-0-1 అనే ఉంటుంది, పక్కన 'వీక్లీ' అని చిన్నగా రాసి ఉంటుంది. ఆ చిన్న మాట ఎక్కడో జారిపోతుంది. షాపులో కవరు మీద రాత్రికి ఒకటి అని గీత గీసి ఇస్తారు, ఇంట్లో మందులు వేసే కోడలో మనవడో రోజూ వేసేస్తారు. వారం పది రోజులకు నోట్లో పుళ్లు, జ్వరం, విరేచనాలు మొదలవుతాయి. రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగిస్తూ ఇంట్లో కూర్చుంటే చాలా ఆలస్యమైపోతుంది. దీనికి విరుగుడు ఫోలినిక్ యాసిడ్ ఉంది, అది ఎంత త్వరగా పడితే అంత మంచిది. కాబట్టి పొరపాటున రెండు మూడు రోజులు వరసగా వేసినట్టు తెలిస్తే, ఒంట్లో బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడే ఒక పని చేయండి. స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని వెనక మి.గ్రా. ఎంతో చదవండి. ఈ మందు 2.5, 5, 7.5, 10, 15 ఇలా రకరకాల బలాల్లో దొరుకుతుంది. పోయిన నెల 7.5వి రెండేసి వేసి, ఈ నెల షాపువాళ్లు 15వి ఇస్తే, అలవాటు కొద్దీ మళ్లీ రెండేసి వేసి 30 చేసేవాళ్లు ఉన్నారు. 15వి పది ఉన్న స్ట్రిప్పు పది వారాలు రావాలి. నెలలోనే ఖాళీ అయిందంటే ఎక్కడో తప్పు జరుగుతోంది. మార్కర్‌తో రేకు మీదే 'మంగళవారం' అని పెద్దగా రాయండి. మెథోట్రెక్సేట్‌కు మంగళవారం, రెండింటికీ 'మ'. చదువు అంతంతమాత్రం ఉన్న పెద్దవాళ్లకు కూడా ఇది గుర్తుంటుంది. రాత్రి భోజనం అయ్యాక వేస్తే వికారం నిద్రలో గడిచిపోతుంది.

ఫోలిక్ యాసిడ్ దీనికి తోడు. మెథోట్రెక్సేట్ ఒంట్లో ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకుంటుంది, ఆ లోటు తీర్చడానికి వేరే రోజు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. (ఈ రెండు మందులకూ మన తెలుగువాడితో చుట్టరికం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలను నడిపించిన రోజుల్లోనే ఫోలిక్ యాసిడ్ తయారీ, దాన్ని అడ్డుకునే ఈ మందు, రెండూ అక్కడి నుంచి వచ్చాయి.) మీ చీటీలో ఏ రోజులు రాశారో అవే పాటించండి. ఏమీ రాయకపోతే మంగళవారం మాత్రం వద్దు, గురువారం పెట్టుకుని డాక్టరుతో ఖాయం చేసుకోండి.

మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా చూపించడానికి మూడు నెలలు పడుతుంది. ఇరవై రోజులు వాడి "గుణం కనపడలేదు" అని మానేసి వెల్లూరు ఆసుపత్రికి బస్సెక్కేవాళ్లు చాలామంది. అక్కడా మళ్లీ ఇదే మందు రాస్తారు, మధ్యలో రెండు నెలలు కీళ్లు అరిగిపోయి ఉంటాయి. రక్తకణాల లెక్క, ఎస్‌జీపీటీ (లివర్‌కు), క్రియాటినిన్ (కిడ్నీకి) పరీక్షలు మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, మందు కుదిరాక మూడు నెలలకోసారి చేయించాలి. మందు మొదలుపెట్టకముందే హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయో లేదో ఫైలులో చూడండి, లేకపోతే అడగండి. మూత్రంలో మంట అని ఎవరైనా కోట్రైమాక్సజోల్ మాత్రలు ఇస్తే వేయకండి, మెథోట్రెక్సేట్‌తో అది కలిస్తే రక్తకణాలు కూలిపోతాయి. జ్వరంతో ఇన్‌ఫెక్షన్ వచ్చిన వారం ఈ మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. పొడి దగ్గు, ఆయాసం కొత్తగా మొదలైనా అంతే. మరిచిపోతే రెండు రోజుల లోపు గుర్తొస్తేనే వేయండి, దాటితే ఆ వారానికి వదిలేసి వచ్చే మంగళవారమే. ఇంట్లో గర్భం దాల్చే వయసు ఆడవాళ్లు ఉంటే ఈ మాత్రను పొడి చేయడం, విరవడం వాళ్లతో చేయించకండి.

ఆలెండ్రోనేట్: ఆదివారం పొద్దున

ఇదీ వారానికి ఒక్కటే, సాధారణంగా రేకులో నాలుగు ఉంటాయి, నాలుగు వారాలు. ఆలెండ్రోనేట్‌కు ఆదివారం. ఇది ఎముకను కరిగించే కణాలను నిదానింపజేస్తుంది. మందు మంచిదే, కానీ మింగిన దాంట్లో నూటికి ఒక వంతు కూడా ఒంటికి పట్టదు. అదీ ఖాళీ కడుపున మామూలు నీళ్లతో వేస్తేనే. కాఫీతో వేస్తే ఆ కొంచెంలోనూ సగానికి పైగా పోతుంది. పాలతో, కాల్షియంతో వేస్తే దాదాపు వేయనట్టే. ఏళ్ల తరబడి మాత్ర వాడినా డెక్సాలో మార్పు రాని వాళ్లను అడిగితే చాలాసార్లు తేలేది ఇదే, టిఫిన్ తర్వాత మిగతా బిళ్లలతో కలిపి వేస్తుంటారు.

మీ అమ్మగారికి థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే కాబట్టి రెండూ ఢీకొంటాయి. ఆదివారం ఇలా చేయండి:

ఆరు గంటలకు లేవగానే పెద్ద గ్లాసుడు, అంటే 200 మి.లీ. పైన, మామూలు నీళ్లతో ఆలెండ్రోనేట్ ఒక్కటే. నమలకూడదు, చప్పరించకూడదు. మీ బోరు నీళ్లు గిన్నెలకు తెల్లగా అట్ట కట్టే రకమైతే ఈ ఒక్క మాత్రకు క్యాన్ నీళ్లు వాడండి, ఆ సున్నం కూడా మందును పట్టేసుకుంటుంది. తర్వాత అరగంట కూర్చోవాలి, లేదా నిలబడాలి, నడవాలి. పడుకోకూడదు. వాకిట్లో ముగ్గు వేయడానికి వంగడం కూడా ఆ అరగంట వద్దు, ఆ రోజు ముగ్గు ముందే వేయండి లేదా వేరే వాళ్లు వేయాలి. మాత్ర అన్నవాహికలో ఆగితే గానీ, వెనక్కి ఎగదన్నితే గానీ అక్కడ పుండు పడుతుంది. ఆరున్నరకు థైరాయిడ్ మాత్ర. ఏడు దాటాక కాఫీ, టిఫిన్, మిగతా మందులు.

మింగేటప్పుడు ఛాతీలో మంట, నొప్పి మొదలైతే ఇంకో మాత్ర వేయకుండా డాక్టరుకు చెప్పండి. ఆదివారం మరిచిపోతే గుర్తొచ్చిన మరుసటి రోజు పొద్దున వేసి, తర్వాత మళ్లీ ఆదివారానికే రండి. ఒకే రోజు రెండు ఎప్పుడూ వద్దు.

మొదలుపెట్టే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. రక్తంలో కాల్షియం, విటమిన్ డి మరీ తక్కువగా ఉంటే ముందు వాటిని సరిచేయాలి. కిడ్నీ వడపోత విలువ 35 కన్నా తక్కువుంటే ఈ మందు ఇవ్వరు. పుచ్చిన పళ్లు తీయించాల్సి ఉంటే ముందే తీయించేయాలి, ఎందుకంటే ఈ మందు వాడుతుండగా పన్ను పీకినచోట దవడ ఎముక మానకుండా ఉండిపోవడం అరుదుగా జరుగుతుంది. అరుదే, కానీ పళ్ల డాక్టరుకు ఈ మందు పేరు తప్పకుండా చెప్పాలి.

ఐదేళ్లు వాడాక ఆపాలా, కొనసాగించాలా అని డాక్టరు మళ్లీ చూస్తారు. ఏళ్ల తరబడి వాడేవాళ్లకు దెబ్బ తగలకుండానే తొడలోనో గజ్జలోనో మొండి నొప్పి వస్తే దాన్ని మోకాటి నొప్పిలో కలిపేయకండి, తొడ ఎముక ఎక్స్‌రే తీయించండి.

కడుపుకు పడకపోతే వేరే దారులున్నాయి. జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు, పావుగంటకు తగ్గకుండా నిదానంగా. మొదటిసారి తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే కంగారుపడొద్దు, నీళ్లు బాగా తాగించి పారాసిటమాల్ వేస్తే చాలు. డెనోసుమాబ్ 60 మి.గ్రా. ఆర్నెల్లకోసారి చర్మం కింద వేసే ఇంజెక్షన్. దీంతో ఒక చిక్కుంది: ఖర్చు భారమనో, బాగానే ఉన్నామనో గడువు దాటించి మానేస్తే ఎముక చాలా వేగంగా తరిగి వెన్నుపూసలు వరసగా కూలిపోవచ్చు. డబ్బు సర్దుబాటు చూసుకోకుండా అది మొదలుపెట్టకూడదు, ఆపాల్సి వస్తే వేరే మందు మీదికి మారి ఆపాలి. టెరిపరాటైడ్ రోజూ వేసుకునే ఇంజెక్షన్, సాధారణంగా రెండేళ్లకు మించి ఇవ్వరు, ఫ్రిజ్‌లో ఉంచాలి. మీ అమ్మగారికి ఇప్పుడు అంత అవసరం ఉందో లేదో వెన్నెముక ఎక్స్‌రే చూశాక డాక్టరే చెప్పాలి.

కాల్షియం, విటమిన్ డి

కాల్షియం కార్బనేట్ అయితే అన్నం తిన్నాకే, కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం కావాలి. కాబట్టి మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి. పొద్దున పూట వద్దే వద్దు. రెండూ కలిపి ఒకేసారి వేసినా లాభం లేదు, ఒక విడతకు 500 మి.గ్రా. దాటితే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది.

రెండు మాత్రలు నిజంగా కావాలా అనేది ఆమె ఏం తింటున్నారో చూసి తేల్చాలి. ఈ వయసులో రోజుకు తిండితో కలిపి 1,200 మి.గ్రా. చాలు. వంద గ్రాముల రాగి పిండిలో దాదాపు 350 మి.గ్రా., గ్లాసు పాలలో దాదాపు 300 మి.గ్రా. ఉంటుంది. రోజూ సంగటి, పాలు, మజ్జిగ తీసుకునే మనిషికి ఒక మాత్ర సరిపోవచ్చు. రాగుల్లోని ఫైటేట్ కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి లెక్కలో పూర్తిగా వేసుకోలేం, కానీ సంగటి మాన్పించి బిళ్లలు మింగించాల్సిన పనీ లేదు. మీ అమ్మగారి బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతుంది. దానికి తోడు కాల్షియం, డి రెండూ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. రెండు మూడు నెలలకు ఒకసారి కాల్షియం పరీక్ష చేయించమని అడగండి.

"తిరుపతి ఎండలో ఉండి డి తక్కువేంటి?" అని అందరూ అడుగుతారు. ఎండ ఊరి మీద పడుతుంది, మన చర్మం మీద పడదు. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఈ చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లోనే విటమిన్ డి లోపం, తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేట్ ఎక్కువ కనిపించాయి. డి 60,000 యూనిట్ల మోతాదు వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తర్వాత నెలకొకటి. కొవ్వుతోనే ఒంటికి పడుతుంది, కాబట్టి నెయ్యో నూనో ఉన్న భోజనం తర్వాత వేయాలి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారైతే ఆ రోజు పెట్టుకోకండి, శుక్రవారం మధ్యాహ్నం బాగుంటుంది. ఎనిమిది వారాలయ్యాక కూడా వారం వారం కొనసాగించడం, దానిపైన డి ఇంజెక్షన్ వేయించడం చేస్తే వాంతులు, మలబద్ధకం, అతిదాహం, మతిమరుపు, చివరికి కిడ్నీ దెబ్బతినడం దాకా వెళుతుంది.

ప్రెడ్నిసొలోన్, పేరులేని పొట్లాలు

మెథోట్రెక్సేట్ అందుకునే దాకా వాపును అదుపులో పెట్టడానికి ఆసరాగా ఇచ్చే స్టెరాయిడ్ ఇది. పొద్దున టిఫిన్ తర్వాత ఒక్కసారే. రెండో రోజుకే చేతులు తేలికవుతాయి, అందుకే దీనికే అలవాటు పడతారు. మూడు వారాలు దాటాక ఒక్కసారిగా ఆపకూడదు, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆ పాటికి మందగించి ఉంటుంది, కళ్లు తిరిగి పడిపోతారు. డాక్టరు చెప్పిన మెట్లలో తగ్గించాలి. నెలల తరబడి వాడితే ఎముకను తినేసేదీ ఇదే, చక్కెర పెంచేదీ ఇదే. ప్రతిసారీ వెళ్లినప్పుడు "ఇది ఎప్పుడు ఆపుతాం?" అని మీరే అడగండి.

సంతలో, బస్టాండు దగ్గర, ఊళ్లో ఇచ్చే కీళ్లవాతం పొడులు, రంగు బిళ్లల పొట్లాల గురించి గట్టిగా చెబుతున్నాను. పేరు, తయారీ తేదీ లేని మందు రెండు రోజుల్లో నొప్పి మాయం చేసి, ఆకలి పెంచి, నెలలో ముఖం ఉబ్బేలా చేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందనే అనుమానించాలి. అమ్మగారు ఇంతకుముందు అలాంటివి వాడి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే వాటినీ ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి.

నొప్పి బిళ్ల

మొత్తం చీటీలో మందుల షాపులో అడగ్గానే దొరికేది, అందరూ నిర్భయంగా వేసుకునేది ఇదే. మీ అమ్మగారి విషయంలో భయపడాల్సిందీ ఇదే. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్, ఎసిక్లోఫెనాక్, ఈ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందే దారి మూడు వైపులా తగ్గుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో చెమట పట్టి నీళ్లు చాలకపోతేనో, రెండు విరేచనాలైతేనో క్రియాటినిన్ చటుక్కున పెరుగుతుంది. కిడ్నీ తగ్గితే మెథోట్రెక్సేట్ బయటికి పోదు, అప్పుడు సరైన మోతాదే విషమవుతుంది. ఒకదాని వెనక ఒకటి ఇలా పేకమేడలా కూలుతాయి.

కాబట్టి వాపు ఎక్కువున్న రోజుల్లోనే, తిన్నాకే, ఎంత తక్కువ రోజులైతే అంత. ఒక్కపొద్దు శనివారాల్లో, ముఖ్యంగా పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు), ఖాళీ కడుపున అస్సలు వద్దు, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు పడే ప్రమాదం ఇంకా ఎక్కువ. కడుపులో ఆమ్లం తగ్గించే పాంటొప్రజోల్ రాశారో లేదో చూడండి, రాస్తే టిఫిన్‌కు అరగంట ముందు. మలం తారులా నల్లగా వస్తే ఆగకుండా ఆసుపత్రికి. ఈ బిళ్లలోనే పారాసిటమాల్ 325 ఉంటుంది, జ్వరానికి విడిగా 650 వేసేటప్పుడు దీన్నీ కలిపి లెక్కపెట్టి రోజుకు 3 గ్రాములు దాటనీయకండి. ఒకటి రెండు కీళ్లలోనే నొప్పి ఉంటే డైక్లోఫెనాక్ జెల్ రాయండి, కడుపుకూ కిడ్నీకీ భారం చాలా తగ్గుతుంది.

హైడ్రాక్సీక్లోరోక్విన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు, ఇదీ కీళ్లవాతానికే, నెమ్మదైన మందు. తిన్నాక వేయాలి, కిలో బరువుకు రోజుకు 5 మి.గ్రా. దాటకూడదు, మొదట్లో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా రెటీనా పరీక్ష చేయించాలి. గ్లూకోసమైన్ డబ్బా కూడా కొనమన్నారని రాశారు. రుమటాయిడ్‌కు అది పనిచేయదు, ఆ డబ్బు రక్తపరీక్షలకు ఉంచండి. మిగతా మందుల్లో చాలావరకు జన ఔషధి దుకాణాల్లో తక్కువకే దొరుకుతాయి, బిల్లు మీద మందు పేరు, మి.గ్రా. సరిచూసుకుంటే చాలు.

కట్టు గురించి

ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే పుత్తూరు కట్టు మీద మన వైపు ఎంత నమ్మకమో తెలుసు, మీ అమ్మగారి మణికట్టు అతుక్కుంది కూడా. కానీ విరిగిన చోట అతకడం వేరు, ఒంట్లో ఉన్న ఎముకలన్నీ గట్టిపడడం వేరు. నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే మిగతా ఎముకలూ గుల్లబారాయని అర్థం. తర్వాతిది తుంటి కావచ్చు. తుంటి విరిగితే కట్టుతో కాదు, తిరుపతిలోని బర్డ్ లాంటి ఎముకల ఆసుపత్రికి అదే రోజు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలి, మంచంలో వారాలు గడిస్తే నిమోనియా, పుళ్లు ప్రాణం తీస్తాయి. ఈలోగా బాత్‌రూంలో గోడకు పట్టుకునే రాడ్డు, కాలికింద రబ్బరు పట్టా వేయించండి.

ఇక మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. నొప్పి బిళ్ల వేసి ఎక్కించేద్దామా అన్నారు. వద్దు, బిళ్ల నొప్పిని కప్పేస్తుంది, వాచిన కీలు మీద భారం అలాగే పడుతుంది, పైగా చెమటలో కిడ్నీ ముచ్చట ముందే చెప్పాను. మెథోట్రెక్సేట్ మూడు నెలలు నిండి, వాపు దిగి, పొద్దున బిగుసుకుపోవడం అరగంట లోపుకు వచ్చాక డాక్టరును అడిగి చల్లటి నెలల్లో పెట్టుకోండి. అప్పుడైనా తెల్లవారుజామున మొదలుపెట్టి, చేతికర్ర, పక్కన మనిషి, నీళ్లు ఉంచుకుని, ఆగి ఆగి ఎక్కాలి. దిగేటప్పుడు మాత్రం బస్సే. మోకాళ్లకు మెట్లు ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ భారం, గుల్లబారిన ఎముకలున్నవాళ్లు అడుగు తప్పి పడేదీ దిగేటప్పుడే.